మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ అంటే

దుప్పటి ఒక కొస మా అత్తగారి చేతిలో, ఇంకో కొస నా చేతిలో ఉంది. మడతలు వేసుకుంటూ దగ్గరికొచ్చేసరికి, ఆవిడ గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడతో, "మా కోడలు ఎలక్ట్రీషియనండీ" అన్నారు. నేను నిలుచున్నచోటే మూరెడు ఎదిగాను.

అందుకే చెబుతున్నాను. ఈ ఇంగ్లీషు మాట ఆడపుట్టుక పాలిట వరం. ఎవరు కాదన్నా ఒప్పుకోను!

మీరే ఆలోచించండి. మా ఊళ్లో ఈ పని చేసేవాణ్ణి కరెంటాయన అనేవారు. ఆ లెక్కన నన్నేమనాలి? కరెంటమ్మ అనాలి. కరెంటమ్మ అంటే జనం దణ్ణం పెట్టి దూరం జరుగుతారు గానీ, స్విచ్చి బాగుచెయ్యమని పిలుస్తారా? ఎలక్ట్రీషియన్ అంటే ఆ బాధ లేదు.

ఊరి బళ్లో ఈ మాటకి స్పెల్లింగ్ రాక గోడకుర్చీ వేసినదాన్ని, పట్టుబట్టి ఆ కోర్సే చదివాను. మా అత్తగారు నా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టించారు. గోడకు కన్నం వెయ్యడానికి మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలిపించారు.

నేను స్టూలు పట్టుకున్నాను.

ఇంత గౌరవం ఇంకే మాటకుంది? చుట్టాలు నన్ను చూడటానికి ఉత్త చేతుల్తో రారు, పాడైన మిక్సీ పట్టుకొస్తారు. ఆడపడుచు ఇస్త్రీపెట్టె, చినమామగారి టేబుల్ ఫ్యాను, ఆయన స్నేహితుడి వియ్యంకుడి గీజరు, అన్నీ నా చేతి మీదుగా పోవలసిందే. జ్వరమొచ్చి పడుకుంటే, తలగడ పక్కన ఎమర్జెన్సీ లైటు పెట్టి, "తగ్గాకే చూడమ్మా, తొందరేం లేదు" అంటారు. డాక్టరుతోనైనా ఇంత మర్యాదగా మాట్లాడతారా? ఎంతివ్వమంటావని అడిగి నన్ను చిన్నబుచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇంత వైభవంలోనూ నాకొక చిన్న కోరిక మిగిలింది. అతుకుల పని కాకుండా, మొదటి స్విచ్చి నుంచి చివరి దీపం దాకా ఒక ఇల్లు నా చేత్తో వెలగాలని. సరిగ్గా అప్పుడే మా బావగారు మేడ మీద గదులు వేయించారు. నోరున్నవాళ్లకైతే అడగడం నిమిషం పని. నేను స్నానాలగదిలో బక్కెట్‌తో రిహార్సల్ చేసుకుని మరీ వెళ్లాను.

"బావగారూ, పైన వైరింగ్ నేను చేస్తానండీ."

"నీకెందుకమ్మా ఆ శ్రమ? ఎలక్ట్రీషియన్ని మాట్లాడాను."

"నేనూ అదే కదండీ."

"నువ్వు మన ఎలక్ట్రీషియన్‌వి తల్లీ. అతను ఎలక్ట్రీషియన్."

మా ఆయన పేపర్లో చదివిన పేజీయే మళ్లీ చదవడం మొదలుపెట్టారు. బక్కెట్ నయం, అడ్డు చెప్పలేదు.

మర్నాడు ఆ ఎలక్ట్రీషియన్ వచ్చాడు. చెవి మీద పెన్సిలు, మెడలో టేపు, చెరో చేతిలో ఒక ఫోను. హెల్పర్ రాలేదన్నాడు. "మా మరదలుందిగా, ఆ మాత్రం తెలుసు" అన్నారు బావగారు.

కాసేపటికల్లా ఆయన సిమెంటు బస్తా మీద కూర్చుని ఇంకో ఇంటి బేరం మాట్లాడుతున్నాడు. పైపుల్లో వైర్లు లాగింది నేను, బోర్డులు బిగించింది నేను. కింది మెయిన్ నుంచి పైకి లైను కలపాలి కాబట్టి, మెయిన్ ఫ్యూజు పీకి అది కూడా నా చేతికే ఇచ్చాడు. మా పనిలో అదొక కట్టుబాటు. తీగల్లో చెయ్యి పెట్టే మనిషి దగ్గరే ఫ్యూజుండాలి, ఎవరూ తెలియక కరెంటు వెయ్యకుండా. నాకు జేబు లేదు. చున్నీ కొసన ముడి వేసుకున్నాను. మొగుణ్ణి కొంగున కట్టుకున్న ఆడవాళ్ల గురించి వినే ఉంటారు. నేను ఇంటిల్లిపాది కరెంటునీ కట్టుకున్నాను.

బావగారు టీ తెచ్చారు. ఒక్క గ్లాసు. దాన్ని బస్తా మీది మనిషికిచ్చి, నేను బిగించిన బోర్డుని అరచేత్తో నిమిరారు.

"చూశావా అమ్మా, ఎంత నీటుగా ఉందో. ఎలక్ట్రీషియన్ పనంటే ఇదీ. పక్కనుండి నేర్చుకో."

"అలవాటైతే అదే వస్తుందిలెండి" అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

పాఠకులారా, ఇన్ని వరాలు ఒక్క మనిషి మొయ్యలేదు. ఆ మాట ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చేస్తాను. నాకు ఆ పని చాలు.

స్క్రూడ్రైవర్ కింద పెట్టి మెట్లు దిగాను. ట్యాంకులో నీళ్లయిపోయాయి, మోటారు తిరగదు. మా ఆయన ఆగిపోయిన ఫ్యాను కింద పేపరు విసురుకుంటున్నారు. వంటింట్లోంచి అత్తగారు, "కరెంటెప్పుడిస్తాడో ఆ ఎలక్ట్రీషియన్ని అడుగు తల్లీ" అన్నారు.

చెప్పులు వేసుకున్నాను. చున్నీ ముడి ఒకసారి తడిమి చూసుకున్నాను. గేటు తీసుకుని వీధిలోకి నడిచాను.