చిటికెలో చీటీ

పత్తి సీజన్ మొదలైన ఆ ఉదయం సుమంత్ వేసుకున్న పథకం సులువైనదే. ఆదోనిలో తిమ్మయ్య శెట్టి మండీలో ఫాక్స్‌ప్రో అనే ముసలి కంప్యూటరు భాష మీద నడుస్తున్న బిల్లుల ప్రోగ్రాం తీసేసి, తాను కొత్త భాషలో రాసింది పెట్టడం. కుదిరితే వీధిలోని మండీలన్నీ తనవే. కుదరకపోతే ఎమ్మిగనూరు వెళ్లి నాన్న చీరల అంగట్లో కూర్చోవాలి. చీరలు మడవడం తలుచుకుంటేనే అతనికి నీరసం వచ్చేది.

"ఏం భాషప్పా ఇది?" శెట్టి అడిగాడు.

"గో అంటారన్నా. పాతది ఆవలించేలోపల ఇది పని ముగిస్తాది."

"గోనా? వచ్చిన రైతును పొమ్మంటాదేమో సూడు."

మొదటి బేరం హొళగుంద రైతు వీరన్నది. అతని పత్తి కాటా ఎక్కిందో లేదో, ప్రింటరు చీటీ చేతికిచ్చింది. పాత ప్రోగ్రాం మూలిగి మూలిగి ఇచ్చేది. ఆలోపు వీరన్న టీ తాగి, వేళ్ల మీద లెక్క సరిచూసుకునేవాడు.

"కాటా నిలబడకముందే సీటీ యాడిదప్పా? ముందే రాసి పెట్టుకోనుండారు!"

"లేదన్నా, రెప్పపాటులో లెక్క కడ్తాది."

"అంటే నా పత్తిని సరిగ్గా సూడనే లేదు."

మళ్లీ తూచారు. మళ్లీ చిటికెలో అదే అంకె. దాంతో వీరన్న అనుమానం కాస్తా రూఢి అయింది. "సూస్తిరా, రెండుతూర్లూ ఒకటే సెప్తాంది. బాగా నేర్పించినారు!"

మాట వీధికెక్కింది. శెట్టి కంప్యూటరుకు తూచకముందే తూకం తెలుసట. వీధి చివరికి చేరేసరికి, రైతు ఇంట్లో బయల్దేరకముందే తెలుసట. ట్రాక్టర్లు ఒక్కొక్కటే ఎదురుగా ఉన్న గోవిందు మండీకి మళ్లాయి.

"గో అంటివి, పోతాండారు," అన్నాడు శెట్టి. "పాతదే పెట్టి, నువ్వు ఎమ్మిగనూరు బస్సెక్కు."

సుమంత్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఒక్క అవకాశమిమ్మని బతిమాలి, ప్రోగ్రాంలో ఒక వాక్యం చేర్చాడు: లెక్క అయ్యాక కాసేపు ఊరికే ఉండు. చదువుకున్నవాళ్లెవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు కూడా.

వీరన్న పత్తి మూడోసారి కాటా ఎక్కింది. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. టీ వచ్చింది, తాగడమూ అయింది. అప్పుడొచ్చింది చీటీ, అదే అంకెతో.

"ఇదీ లెక్కంటే!" అన్నాడు వీరన్న. "పాపం, శానా కష్టపడింది."

ట్రాక్టర్లు తిరిగొచ్చాయి. సాయంత్రం గోవిందే నడుచుకుంటూ వచ్చాడు.

"మా మండీకీ ఇట్లాంటిదే రాసీప్పా. ఇంత నిదానంగా రాయాలంటే శానా సదువుకోనుండాల్ల కదా?"

అవునన్నాడు సుమంత్.