హనుమంతమ్మ సముద్రానికి తూము

ఇలా రండి, దగ్గరికి జరగండి. ఆ తలుపు పక్కన కూర్చుంటే గాలికి సగం మాటలు బయటికే పోతాయి. ఇది శింగనమల పక్కన ఒక ఊళ్ళో, ఎనభై మూడో ఏడు ఎండాకాలంలో, హనుమంతమ్మ సముద్రం వేసిన కథ. వేయడమంటే రంగులతో వేయడమే. ఆ ఊరికి నిజం సముద్రం చాలా దూరం. వాన అంతకంటే దూరం.

ఆ పొద్దున హనుమంతమ్మ అనుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు ఆడబిడ్డ గంగక్క దిగేలోగా బొమ్మ పూర్తి కావాలి. పూర్తి కాకపోయినా, అందులో గంగక్క ఒక్క తప్పు పట్టినా, పెరట్లో ఉన్న పాడిబర్రె గంగక్క వెంట నడిచి వెళ్ళిపోతుంది.

పందెం ఇలా పడింది. గంగక్క పదకొండేళ్ళ కిందట మొగుడి వెంట మద్రాసు వెళ్ళి సముద్రం చూసి వచ్చింది. అప్పటినుంచి ఆమె నోట్లో ఆ సముద్రం ఇంకిపోలేదు. చారులో ఉప్పెక్కువైతే, "సముద్రం నీళ్ళు ఇంతకంటే నయం" అనేది. నిండు బిందె తెచ్చి దించితే, "ఇవీ నీళ్ళేనా" అనేది. పోయిన పండక్కి వచ్చి వీధి ఆడవాళ్ళందరి ముందూ, "ముగ్గులేసుకునేదానివి, నీకేం తెలుస్తాది హనుమంతమ్మా. నీ జన్మలో అన్ని నీళ్ళు చూడలేవు" అంది.

ముగ్గుల్లో హనుమంతమ్మకు ఆ చుట్టుపక్కల ఎదురు లేదు. అందుకే ఒళ్ళు మండింది. "చూడకుండానే ఏసి చూపిస్తా. ఒక్క తప్పు పట్టు వదినా, మా ఎనుమును తోలుకొని పో" అనేసింది. అన్నాక ఇంటికొచ్చి బర్రె మొహం చూసి ఏడ్చింది.

బెంగుళూరు మిల్లులో పనిచేసే తమ్ముడు చెన్నప్ప ఈ సంగతి విని ఒక డబ్బా పంపాడు. అందులో ఆరు రంగు గొట్టాలు, రెండు కుంచెలు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, అట్ట మీద సముద్రం బొమ్మతో ఒక ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. ఆ రంగుల్ని అక్రిలిక్ అంటారట. పోస్టుమాన్ శ్రీరంగప్ప గడపలో కూర్చుని పుస్తకం చదివి చెప్పాడు.

"మొదట అడ్డంగా ఒక గీత గీయల్లంటక్కా. గీతకు పైన ఆకాశం, కింద సముద్రం. ముందర ఇసుక. నీళ్ళు ఇసుకకు తగిలేకాడ తెల్లగా నురగ. అంతే."

"ఇంతేనా? ఇంతోటిదానికి ఆయమ్మ పదకొండేండ్లు చెప్పిందా?"

"ఇంకోటుండాది. ఈ రంగు జల్దీ ఆరిపోతాదంట. ఆరినంక తుడిచినా పోదంట. తప్పొస్తే దాని మీదనే ఇంకోటి ఏసుకోవల్ల."

శ్రీరంగప్ప ఉత్తరాలు పంచడానికి వెళ్ళిపోయాడు. హనుమంతమ్మ మొగుడి కొత్త పంచెను నులకమంచానికి బిగదీసి కట్టి, మంచాన్ని గోడకు నిలబెట్టి, పది గంటలకల్లా సముద్రం వేసేసింది. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ చూస్తే ఒళ్ళు చల్లబడేది. నీలం, నీలం, కంటికి ఆనినంత దూరం నీలం. అక్కడితో ఆపి ఉంటే కథే లేదు.

కానీ చల్ల తాగిపోదామని నీరుగంటి తిమ్మప్ప వచ్చాడు. నలభై ఏళ్ళు చెరువు నీళ్ళను పొలాలకు పంచిన మనిషి. చెరువెండి మూడేళ్ళయినా నీళ్ళ సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు. చెంబు చేతిలో పట్టుకుని బొమ్మను పైకీ కిందికీ చూశాడు.

"బాగుండాది గాని, కట్ట యాడమ్మా?"

"సముద్రానికి కట్ట ఉంటాదా మామా?"

"కట్ట లేకుంటే నీళ్ళు యాడ నిలబడతాయి? చిన్న గుంతకే గట్టు కావల్ల. ఇన్ని నీళ్ళకు వద్దా? గంగక్క వస్తానే మొదట చూసేది అదే."

హనుమంతమ్మ పెరటివైపు చూసింది. బర్రె నెమరు వేస్తూ ఇటే చూస్తోంది. ఇంకేముంది, కుంచె మట్టిరంగులో మునిగింది. నీళ్ళకూ ఇసుకకూ నడుమ, ఈ కొస నుంచి ఆ కొసదాకా, బండలు పేర్చిన కట్ట లేచింది.

అంతలో మొగుడు కుళ్ళాయప్ప చేను నుంచి వచ్చాడు. మంచం చూశాడు.

"అది నా పంచె."

"ఇప్పుడు సముద్రం. తప్పేమన్నా ఉండాదేమో చూడు."

పంచె పోయిన దుఃఖంలో కూడా అతనికి సేద్యం గుర్తుంది. "కట్ట ఉండాది, తూము లేదు. తూము లేని కట్ట ఎవురికి పనికొస్తాదే? నీళ్ళు పైరుకు ఎట్ల పారతాయి?"

తూము వచ్చింది. తూములోంచి వచ్చిన నీళ్ళు వృథా పోకూడదు కాబట్టి ఇసుక మీద నాలుగు వరిమళ్ళు వచ్చాయి. ఎక్కువైన నీళ్ళు పోయే దారి లేకపోతే కట్ట తెగుతుందని తిమ్మప్ప దగ్గరుండి ఒక మరవ పెట్టించాడు. ఈలోగా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దిగారు. ఆ బర్రె పాలు తాగని ఇల్లు వీధిలో లేదు, అందుకని అందరూ తప్పులు వెతకడానికి కొంగులు బిగించారు. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ నురుగు మీద వేలు పెట్టింది.

"ఈ తెల్లది ఏంది?"

"నురగ."

"నురగ ఊరికే వస్తాదా? ఎవురో ఒకరు గుడ్డలుతకల్ల కదా."

ఆ మాటా నిజమేననిపించింది. నురుగుకు కారణంగా ఒక బండ, ఒక గుడ్డల మూట, వంగి ఉతుకుతున్న ఒక ఆడమనిషి వచ్చారు. కొత్తనీళ్ళు ఎర్రగా ఉంటాయిగాని నీలంగా ఉండవని ఇంకొకామె అంది. నీలం మీద ఎర్రమట్టి రంగు పరుచుకుంది. కట్ట కింద గంగమ్మ రాయి లేకపోతే అరిష్టమన్నారు. రాయి వచ్చింది, దానికి డబ్బాలో రంగు చాలక ఇంట్లోని పసుపూ కుంకుమా అద్దారు.

మూడున్నరకు హనుమంతమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. మంచం మీద ఉన్నది శింగనమల చెరువు. పుస్తకం అట్ట మీద ఉన్నది నీళ్ళూ ఆకాశమూ, మధ్యలో ఏమీ లేదు. తడిగుడ్డ తెచ్చి తుడిచింది. ఆ వేడిగాలికి కుంచె ఎత్తకముందే రంగు ఆరిపోయింది, తుడిస్తే చెరువుకు మెరుపు వచ్చింది. నీలం గొట్టాన్ని రోకలితో దంచినా చుక్క రాలలేదు. వీధి చివర బస్సు హారన్ మోగింది.

గంగక్క భుజం మీద బర్రెను కట్టే కొత్త పలుపు వేసుకుని మరీ వచ్చింది.

"ఏదే, నీ సముద్రం?"

ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. గంగక్క చూసింది. ఎంతసేపు చూసిందంటే తిమ్మప్ప ఇంకో చెంబు చల్ల అడిగి తాగేశాడు. హనుమంతమ్మ మనసులోనే బర్రెకు బొట్టు పెట్టి సాగనంపేసింది.

"ఇంతే," అంది గంగక్క చివరికి. "అచ్చం ఇంతే. ఇదో, ఈ తూము కాడనే నేను కాళ్ళు కడుక్కొన్నది."

"నేను చెప్పలా," అన్నాడు తిమ్మప్ప.

"ఈ గుడ్డలుతికే ఆయమ్మ గూడా ఆ పొద్దు ఆడనే ఉండె."

హనుమంతమ్మ ఒకసారి పుస్తకం అట్టను చూసింది, ఒకసారి ఆడబిడ్డను చూసింది. ఆమె ముఖంలోకి మెల్లగా నెత్తురు తిరిగి వచ్చింది.

"కట్ట మీద నడిస్తివా వదినా?"

"నడవకుండా వస్తానా? మీ అన్న వద్దంటాండినా ఈ కొస నుంచి ఆ కొసకు పోయొస్తి."

సరిగ్గా అప్పుడే శ్రీరంగప్ప సంచీతో లోపలికి వచ్చాడు. "అదేందక్కా, సముద్రానికి కట్ట..." అన్నాడు. అంతవరకే అన్నాడు. ఆడబిడ్డ కోసం చేసిన ఒబ్బట్టును హనుమంతమ్మ అతని నోట్లో కుక్కింది. అది మింగేలోగా రెండోదీ పెట్టింది. "తినప్పా, ఎండన పడి వచ్చినావు" అంది.

అందరూ వెళ్ళాక గంగక్క వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది.

"మద్రాసులో మూడు దినాలూ నాకు వాంతులేనే. సత్రం గడప దాటలేదు. మీ అన్న పోయి చూసొచ్చినాడు. ఏముండాదయ్యా ఆడ అంటే, నీళ్ళుండాయి అన్నాడు. అంతకుమించి ఒక్క మాట రాలేదు ఆయప్ప నోట్లోంచి. యాడా అనొద్దు."

"నాకేం వినపల్లేదు వదినా. ఒబ్బట్టు తిను" అంది హనుమంతమ్మ. తర్వాత పెరట్లోకి వెళ్ళి, బర్రె మెడ పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

మరునాడు పొద్దున గంగక్క బస్సుకు బయల్దేరింది. మళ్ళీ ఆడవాళ్ళు మూగేసరికి ఆమెకు నోరు ఆగలేదు. గడపలో నిలబడి, "ఒకటి మరిచిపోతిని. ఆడ తూములు రెండుండె. నీ తప్పు కాదులే, నువ్వు చూడలేదు కదా" అంది. హనుమంతమ్మ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, రెండో తూము కూడా గీసింది.

ఈ కథ మరిచిపోకుండా మీ ఇళ్ళల్లో పిల్లలకు చెప్పండి. సముద్రం ఎలా ఉంటుందని వాళ్ళు అడిగితే, తూములు రెండని చెప్పండి.