మేడమ్ ఒడిల్ వంటింట్లో ఉల్లితొక్క లేదు

ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ సంచిలో వచ్చే వంటకాన్ని ఇకమీదట ఎవరైనా తిడితే నేను ఊరుకోను. అది వంటవాళ్లకు దొరికిన వరం! నమ్మరా? అయితే మా లియోన్ నగరంలో జరిగిన హత్య సంగతి వినండి.

మా వీధిలో పాతకాలపు భోజనశాలలు వరసగా ఉన్నాయి. అన్ని గుమ్మాల మీదా ఒకటే బోర్డు: "ఇక్కడే వండినది". అన్నిటికీ సరుకు తెచ్చేది ఒకటే లారీ. పాపం మర్యాద తెలిసిన లారీ, పెరటి గుమ్మం దగ్గరే ఆగుతుంది. సంచిని వేడినీళ్లలో వేయడం, కత్తిరించడం, పళ్లెంలో పోయడం. వేలికి గాటు లేదు, కంటికి మంట లేదు. మా ముందు తరాలవాళ్లు ఈ సుఖం ఎరుగుదురా?

ఆ బోర్డు ఎవరికి ఉండాలో తేల్చే సంఘానికి పెద్ద అర్మాండ్ బెర్లియే గారు. ఆయనకూ అదే వీధిలో భోజనశాల ఉంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన మేడమ్ ఒడిల్ భోజనశాలకు తనిఖీకి వచ్చారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. రొయ్యల సాస్‌లో ఈదుతున్న చేప ముద్ద, మేం కెనెల్ అంటాం, ఒకటి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు పెద్దవయ్యాయి. భుజాలు ఊగిపోయాయి. ముఖం నీలమైంది. పళ్లెంలోనే వాలిపోయారు.

విషమే అన్నారందరూ. ఇన్‌స్పెక్టర్ కోలాస్ వంటిల్లంతా గాలించాడు.

"సాస్ ఎవరు చేశారమ్మా?"

"ఇంకెవరు? నేనే. మా అమ్మమ్మ చెప్పినట్టే. రొయ్యల పెంకులు దంచి, ఉల్లిపాయలు వేయించి..."

"ఆ పెంకులేవీ?"

"పారేశా."

"చెత్తబుట్టలో ఒక్క పెంకు లేదు. ఉల్లితొక్క కూడా లేదు! ఇంతమందికి వండి తొక్క లేకపోవడమేంటి? సాక్ష్యం ఎక్కడ మాయం చేశారు?"

ఖాళీ సంచులు మాసిన బల్లగుడ్డల మూటలో ఉన్నాయి. "సంచిలో వచ్చింది సార్" అని ఒక్క మాటంటే చాలు, ఆమె బయటపడుతుంది. కానీ అలా అంటే బోర్డు పోతుంది, నాలుగు తరాల పేరూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి! ఆమె బేడీల కోసం చేతులు చాచింది.

"నేనే చంపా, రాసుకోండి. కానీ సాస్ మాత్రం నేను చేసిందే. అదీ రాసుకోండి."

వీధిలో యజమానులంతా గుమిగూడారు. ఆమె ఏ పాపం ఎరగదని వాళ్లందరికీ తెలుసు. ఎవరి వంటింట్లోనూ ఆ పూట తొక్క లేదు మరి! అయినా తేలు కుట్టిన దొంగల్లా ఒక్కరూ నోరు మెదపలేదు. ఐకమత్యమంటే అదీ!

వారం తిరిగేసరికి డాక్టర్ల రిపోర్టు వచ్చింది. విషం లేదు, ముద్ద గొంతుకు అడ్డంపడింది. అప్పుడు బెర్లియే గారి భార్య ఏడుస్తూ నిజం కక్కింది.

"మా సాసే సార్ అది. అదే లారీ. ఒడిల్ ఒక్కతే నిజంగా వండుతుందని ఇన్నేళ్లూ మా ఆయన కుళ్లి చచ్చాడు. అది మా సంచి రుచేనని తెలియగానే నవ్వు ఆపుకోలేకపోయుంటాడు."

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? అయినా సంచి గొప్పతనం చూడండి! వంటవాడికి అందులో ఉప్పు కలిపే పని కూడా ఉండదు, ఇక విషమెక్కడ కలుపుతాడు?

విడుదల రోజు నేనే జైలు దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లనిండా నీళ్లు.

"ఏడవకండి మేడమ్, గండం గడిచిందిగా."

"అందుక్కాదయ్యా. నాతో ఉన్న ఖైదీ, కార్ల దొంగట, చిన్న స్టవ్ మీద బంగాళాదుంప సూప్ కాచేది. నా ఎదురుగానే చెక్కు తీసి, తరిగి, వేడివేడిగా పోసేది. ఎన్నేళ్లయింది అట్లాంటిది తిని! ఇంకొక్క పూట ఉంచరాదూ అని బతిమాలా. జైలువాళ్లు వినలేదు."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆకలి ఆగడం లేదు. పాఠకులారా, మీరు వివేకవంతులు. ఆ సూప్ ఒక్క గిన్నె దొరకాలంటే నేను ఎవరిని చంపాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.