డాక్టర్ పద నిర్ధారణ ఉపసంఘం

ఇందుమూలంగా యావన్మంది తెలుగువారికీ తెలియజేయడమేమనగా, నేపర్‌విల్‌లో ఎవరు డాక్టరో ఎవరు కాదో తేల్చే అధికారం భగవంతుడికి లేదు. ఇలినాయ్ రాష్ట్ర ప్రభుత్వానికి అసలే లేదు. లైసెన్సులు పంచిపెట్టడం వరకే దాని పని. ఆ అధికారం సంపూర్ణంగా మా తెలుగు సంఘానిది! ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శిని నేను. పేరు గోపాల్. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. సేవ మాత్రం సంఘానికే, ఈమెయిళ్ళ రూపంలో.

మా సంఘంలో డాక్టర్లకి ఒక వరస ఉంది. ఆహ్వానపత్రంలో గుండె డాక్టర్లది మొదటి లైను. తరవాత మెదడు, ఆ తరవాత మోకాళ్ళు. పళ్ళ డాక్టర్ల పేర్లు భోజనాల ప్రకటన పక్కన వస్తాయి. పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నవాళ్ళు ఆఖర్న 'మరియు' తరవాత ఉంటారు. ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థలోకి నైనిక వచ్చి పడింది.

నైనిక మా ఆంజనేయప్రసాద్ గారి అమ్మాయి. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. చదివింది కైరోప్రాక్టిక్. అంటే మందూ మాకూ, కత్తీ గాటూ లేకుండా చేతులతో వెన్నెముకని సరిచేసే వైద్యం. ఆ పిల్ల చదివినన్నాళ్ళూ ఆంజనేయప్రసాద్ గారు "మా అమ్మాయి డాక్టర్ చేస్తోంది" అని చెప్పుకున్నారు. "ఏ డాక్టరండీ?" అని ఎవరైనా అడిగితే "వెన్నుకి సంబంధించి" అని గొణిగి, వెంటనే ఈసారి మంచు ఎక్కువ పడేలా ఉందనేవారు. తొమ్మిది నెలల క్రితం అమ్మాయి అరోరాలో క్లినిక్ తెరిచాక ఆ సౌకర్యం పోయింది. బోర్డు మీద అంతా రాసి ఉంది మరి!

ఆయన రోజూ ఆఫీసు నుంచి వస్తూ పనిగట్టుకుని ఆ క్లినిక్ ముందు నుంచి డ్రైవ్ చేసేవారు. ముందున్న పార్కింగ్ లాట్‌లో ఎప్పుడూ ఒకటే కారు. అది అమ్మాయిదే.

"ఎవరూ రావట్లేదండీ గోపాల్ గారూ," అన్నారు ఒకరోజు నాతో, గొంతు తగ్గించి. "అడిగితే 'బానే ఉంది డాడీ' అంటుంది. పేషెంట్ల గురించి చెప్పకూడదట, ప్రైవసీ లా ఒప్పుకోదట. ఖాళీ కుర్చీలకి ప్రైవసీ ఏవిటండీ! వచ్చే నెల మన హెల్త్ ఫెయిర్ ఉంది కదా, ఆ బ్యానర్ మీద దాని పేరు ముందు డాక్టర్ అని వేయించండి. అప్పుడు మనవాళ్ళు నమ్ముతారు. లేకపోతే పిల్ల ఆ క్లినిక్ మూసేసుకోవాల్సిందే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మనసు చివుక్కుమంది. అలా చివుక్కుమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త ఆగి చెబుతాను.

విషయం కార్యవర్గం ముందు పెట్టాను. పద్నాలుగు ఈమెయిళ్ళు, రెండు జూమ్ మీటింగుల తరవాత 'డాక్టర్ పద నిర్ధారణ ఉపసంఘం' ఏర్పడింది. అధ్యక్షులు మల్లికార్జునరావు గారు. ఆయన గుండె డాక్టరు, ఆహ్వానపత్రంలో మొదటి లైనులో మొదటి పేరు. ఉపసంఘం ఆయన ఇంట్లోనే, తలా ఒక వంట చేసి తెచ్చే పాట్‌లక్ భోజనాలతో సమావేశమైంది. కొత్తిమీర అన్నం, కొత్తిమీర పచ్చడి, కొత్తిమీర వడలు. ఆ మధ్య మా సంఘంలో ఏ గిన్నె మూత తీసినా కొత్తిమీరే! ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

ఆంజనేయప్రసాద్ గారు ముప్ఫై రెండు స్లైడ్లతో వచ్చారు. మొదటి స్లైడు మీద 'వెన్నెముక, విశ్వచైతన్యం' అని ఉంది.

"అయ్యా, 1895లో, అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో ఈ విద్య పుట్టింది. కనిపెట్టిన మహానుభావుడు ఏమన్నాడు? విశ్వమంతటా ఒక ప్రజ్ఞ ఉంది, దాని అంశ పుట్టుకతోనే మన ఒంట్లో ఉంది, దాని పేరు ఇన్నేట్ ఇంటెలిజెన్స్ అన్నాడు. అది నరాల్లో ప్రవహిస్తుంది. వెన్నుపూస పక్కకి జరిగితే ప్రవాహానికి అడ్డం పడి జబ్బు చేస్తుంది. సర్దితే పోతుంది. ఇది మన జీవాత్మా పరమాత్మా కాదూ? వాళ్ళు ఇంగ్లీషులో పెట్టారు, అంతే!"

ఉపసంఘం సభ్యులు అరమోడ్పు కళ్ళతో తలలూపారు. వేదాంతం అన్నాక ఊపకపోతే బావుండదు. మల్లికార్జునరావు గారు మాత్రం కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయనా చదువుకునే వచ్చారు.

"ప్రసాద్ గారూ, ఆ మహానుభావుడు అంతకుముందు ఏం చేసేవాడో తెలుసా? కిరాణా వ్యాపారం. గోల్డ్‌ఫిష్‌లు కూడా అమ్మాడు!"

"మనకి మాత్రం అవతారాలు చేపతో మొదలవలేదా అండీ?"

"తరవాత, తన చేతుల్లో అయస్కాంత శక్తి ఉందని వైద్యం మొదలుపెట్టాడు. ఈ కొత్త విద్య ఎవరు నేర్పారయ్యా అంటే, చనిపోయిన ఒక డాక్టరు ఆత్మ వచ్చి నేర్పిందన్నాడు!"

"గురుముఖతః నేర్చుకున్నాడన్నమాట."

"మొదటి పేషెంటు ఆ బిల్డింగ్ ఊడ్చి తుడిచే జానిటర్. చెవుడు. పూస సర్దితే చెవులు వినిపించాయని ఈయన రాసుకున్నాడు. ఆ జానిటర్ కూతురేమో, అదేం కాదు, మా నాన్న చెప్పిన జోకు విని, పుస్తకంతో వీపు మీద ఒక్కటిచ్చాడు, కొన్నాళ్ళకి మా నాన్న కాస్త వినపడుతున్నట్టుందన్నాడు అని చెప్పిందట!"

"ఎలాగైతేనేం, వినపడింది కదా! మా లెక్కల మేష్టారు వీపు మీద ఇస్తే ఉన్న వినికిడి పోయేది."

"లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని 1906లో జైల్లో పెట్టారండీ!"

ఆంజనేయప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "జైలుకెళ్ళినవాళ్ళకి మన దేశంలో తామ్రపత్రాలు ఇస్తారు!"

ఒక దశలో దీన్ని మతంగా మార్చేస్తే లైసెన్సు గొడవే ఉండదని కూడా ఈ విద్య కనిపెట్టిన పెద్దమనిషి ఆలోచించాడట. మల్లికార్జునరావు గారు ఆ సంగతి బయటపెట్టగానే ఒక సభ్యుడు, మతమైతే ప్రసాదం ఉంటుందా అని ఆసక్తిగా అడిగాడు. చర్చ అటు మళ్ళి నలభై నిమిషాలు సాగింది.

మూల కూర్చున్న నైనిక చివరికి చెయ్యెత్తింది.

"అంకుల్, అదంతా హండ్రెడ్ అండ్ థర్టీ ఇయర్స్ బ్యాక్. నేను ఆ ఫిలాసఫీ నమ్మను. చెవుడు పోతుంది అని నేను చెప్పను. ఓన్లీ నడుము నొప్పి, మెడ నొప్పి చూస్తాను. ఎక్సర్‌సైజ్ చేయిస్తాను. సీరియస్ ఉంటే హాస్పిటల్‌కి పంపిస్తాను. డాక్టర్ అని రాయకపోతే ఓకే. కానీ ఫెయిర్‌లో నాకు ఒక టేబుల్ కావాలి."

"నువ్వూరుకోమ్మా!" అన్నారు తండ్రి.

"చూశారా, అమ్మాయికే నమ్మకం లేదు!" అన్నారు అధ్యక్షులు.

టేబుల్ దరఖాస్తు ఫారంలో 'డాక్టర్' అనే గడి తప్పనిసరిగా నింపాలని నేను గుర్తుచేశాను. ఆ ఫారం తయారుచేసింది నేనే. అయినా నిబంధన నిబంధనే!

ఇప్పుడు ఇందాక దాచిన కారణం చెబుతాను. నేను ప్రతి మంగళవారం పొద్దున్న నైనిక క్లినిక్‌కి వెళ్తాను. పదహారేళ్ళు ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని, బూట్ల లేసులు కట్టుకోలేని స్థితికి వచ్చాను. ఆ పిల్ల ఆరు వారాల్లో నన్ను మళ్ళీ వంగేలా చేసింది. కానీ ఉపసంఘం తీర్పు రాని వైద్యం సాక్షాత్తూ ప్రధాన కార్యదర్శి చేయించుకుంటున్నాడంటే పరువేం కాను? అందుకని రెండు షాపుల అవతల ఉన్న ఇండియన్ గ్రోసరీ వెనకాల కారు పెట్టి, సందులోంచి నడిచి, వెనక తలుపు తట్టేవాణ్ణి. ఎవరైనా చూస్తే కొత్తిమీర కోసం వచ్చానని చెప్పాలి. సాక్ష్యానికి ఒక కట్ట కొని చేత్తో పట్టుకునేవాణ్ణి. మా ఆవిడ శ్రీవిద్య "ఇంత కొత్తిమీర ఏం చేసుకోవాలండీ?" అని మొత్తుకునేది. మొదటిరోజు ఇచ్చిన ఫారంలో 'మిమ్మల్ని ఎవరు పంపారు?' అన్నచోట అటూ ఇటూ చూసి 'గూగుల్' అని రాశాను. ఇంకో విచిత్రం, ఒక పేషెంటు వెళ్ళాక పావుగంట గడిస్తే గాని ఇంకొకరిని రమ్మనకూడదని ఆ పిల్ల నియమం. నాకు ఎప్పుడూ ఎవరూ ఎదురుపడలేదు. పాపం, ఉన్నది నేనొక్కణ్ణే కాబోలు అనుకున్నాను.

ఆ పిల్ల నేర్పే వ్యాయామాల్లో ముఖ్యమైనది ఒకటుంది. రెండు చప్పట్లు కొట్టి "చిన్ లోపలికి! సాంబార్!" అంటుంది. అనగానే గడ్డం మెడలోకి నొక్కి, పొట్ట బిగించి, చేతులు రెండూ పక్కటెముకల మీద పెట్టి, వేడి సాంబారు ఊదినట్టు "హూ" అని గాలి వదలాలి. రోజుకి ముప్ఫైసార్లు. నెల తిరిగేసరికి చప్పట్లు వినపడితే చాలు, మనతో పని లేకుండా ఒళ్ళే చేసేస్తుంది.

హెల్త్ ఫెయిర్ రోజు వచ్చింది. అరోరాలో పెద్ద హాలు, రెండు వందల మందికి పైగా జనం. మల్లికార్జునరావు గారు వేదిక మీద ఉపసంఘం తీర్పు చదివారు.

"కూలంకషంగా చర్చించిన మీదట, కుమారి నైనికకు టేబుల్ మంజూరు చేయడమైనది. స్థలం, కారిడార్‌లో రెస్ట్‌రూమ్‌ల పక్కన. హోదా, కూర్చునే భంగిమల సలహాదారు."

మైకు పట్టుకుని పక్కన నిలబడ్డ నేను చప్పట్లు కొట్టబోయి, నైనిక మొహం చూసి ఆగిపోయాను. ఆంజనేయప్రసాద్ గారు మాత్రం ఆగలేదు.

"నా కూతురికి బాత్‌రూమ్ పక్కనా! టేబుల్ నేనే లోపలికి తెస్తాను, ఎవరడ్డం వస్తారో చూస్తాను!"

కారిడార్‌లోకి దూసుకెళ్ళి, ఆరడుగుల మడత బల్ల ఒక్కరే ఎత్తి, వేదిక ముందుదాకా మోసుకొచ్చారు. దాన్ని దించబోయి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"అమ్మో! డాక్టర్! డాక్టర్ని పిలవండి!"

నైనిక పరుగెత్తుకొచ్చింది. "డాడీ, కదలకండి. నేను ఉన్నాను."

"నువ్వుండమ్మా! అసలు డాక్టర్ని పిలవండి! మల్లికార్జునరావు గారూ!"

నైనిక చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముప్ఫై రెండు స్లైడ్లు చూపించిన మనిషి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో నా కొత్తిమీర గుర్తొచ్చి చల్లారిపోయింది.

మల్లికార్జునరావు గారు గబగబా దిగివచ్చి నాడి చూశారు. "గుండె భేషుగ్గా ఉందండీ."

"గుండె కాదండీ బాబూ, నడుము!"

"నడుము నా డిపార్ట్‌మెంట్ కాదు," అని ఆయన హుందాగా వేదికెక్కేశారు.

అప్పుడు ఆంజనేయప్రసాద్ గారి భార్య రాధారాణి గారు ముందుకొచ్చారు. "చాల్లెండి మీ వేదాంతం! నోర్మూసుకుని పిల్లని చూడనివ్వండి."

నైనిక నాలుగు ప్రశ్నలడిగింది. కాళ్ళు తిమ్మిరెక్కాయా అని చూసింది, వేళ్ళు కదిలించమంది. మెల్లగా ఆయన్ని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచింది. తరవాత ఎలా ఊదాలో చెప్పి, తండ్రి కళ్ళలోకి చూస్తూ రెండు చప్పట్లు కొట్టింది.

"చిన్ లోపలికి! సాంబార్!"

"హూ..."

ఆ హూ ఒక్క ఆంజనేయప్రసాద్ గారిది కాదు. హాలంతా హూ! వేదిక మీద మల్లికార్జునరావు గారి గడ్డం మెడలోకి వెళ్ళిపోయింది, చేతులు పక్కటెముకల మీదున్నాయి, మూతి సున్నాలా ఉంది. మొదటి వరసలో గుండెలు, మెదళ్ళు, మోకాళ్ళు, పళ్ళు, 'మరియు' తరవాతివాళ్ళు, అందరి గడ్డాలూ లోపలే. ఫొటోగ్రాఫర్ కెమెరా వదిలేసి ఊదుతున్నాడు. అన్నిటికన్నా పెద్ద హూ స్పీకర్లలోంచి వచ్చింది. మైకు నా నోటి దగ్గరుంది!

ఊదడం ఆగగానే మా శ్రీవిద్య గొంతు వినిపించింది. "ఏవండీ, మనింట్లో ఆ కొత్తిమీర..."

"మీ ఇంట్లోనూ కొత్తిమీరేనా?" అన్నారు పక్కనున్న మల్లికార్జునరావు గారి భార్య.

నేలమీద పడుకున్న ఆంజనేయప్రసాద్ గారు కళ్ళు చక్రాల్లా తిప్పి అందర్నీ చూశారు. "నైనికా, వీళ్ళందరూ నీ...?"

"పేషెంట్స్ గురించి నేను చెప్పకూడదు, డాడీ."

ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. తొమ్మిది నెలలుగా మాలో ఏ ఒక్కరైనా ఒక్క మాట పైకి అని ఉంటే దానికి సరిపోయేది. ఎవరమూ అనలేదు. నాకు నిజంగా సిగ్గేసింది.

సిగ్గేసినా మినిట్స్ రాయక తప్పదు కదా! ఒకటి, హాలులో వినిపించిన శబ్దం ఏసీ లోపం వల్ల కలిగింది. రెండు, డాక్టర్ పదంపై మరింత లోతైన అధ్యయనం కోసం ఇంకో ఉపసంఘం వేయడమైనది. రెండూ ఏకగ్రీవమే. ఇక ఆంజనేయప్రసాద్ గారు, పావుగంటలో లేచి నిలబడి, నా చేతిలో మైకు లాక్కుని, "చూశారా! నా ఒంట్లో ఇన్నేట్ ఇంటెలిజెన్స్ దానంతటదే మేలుకుంది!" అని ప్రకటించారు. వెనకాల నైనిక ఒక్కర్తే ఆ బల్ల మడుస్తోంది.

మంగళవారం వచ్చింది. ఈసారి దర్జాగా ముందే పార్క్ చేయాలని గట్టిగా నిర్ణయించుకుని బయల్దేరాను. ముందు లాట్‌లోకి తిరిగాను. విశాలంగా, ఖాళీగా, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడేలా ఉంది. వచ్చే మంగళవారం చూద్దాంలే అని గ్రోసరీ వెనక్కి తిప్పాను.

అక్కడ అప్పటికే పదకొండు కార్లున్నాయి. ఇక దాచేదేముందని నైనిక పావుగంట పద్ధతి తీసేసింది. వెనక తలుపు దగ్గర వరసగా కుర్చీలు, కుర్చీల్లో మా కార్యవర్గం, ఒళ్ళో తలా ఒక కొత్తిమీర కట్ట. ఎవరూ ఎవరినీ చూడట్లేదు.

ఆఖరి కుర్చీలో బేస్‌బాల్ టోపీ, నల్లకళ్ళద్దాలు, మాస్కు పెట్టుకున్న మనిషి ఒకాయన ఫారం నింపుతున్నారు.

"గోపాల్ గారూ, ఈ పెన్ను రాయట్లేదండీ. మీ దగ్గరుందా?"

గొంతు ఆంజనేయప్రసాద్ గారిది! కన్నతండ్రి అయినా సరే, ఫాలో అప్‌కి వస్తే ఫారం నింపాల్సిందేనని నైనిక నియమం. పెన్నిచ్చాను. పేరు రాశారు. వయసు రాశారు. నొప్పి ఎక్కడో రాశారు. 'మిమ్మల్ని ఎవరు పంపారు?' అన్నచోట పెన్ను ఆగింది. గుమ్మంలో నైనిక నిలబడి తండ్రినే చూస్తోంది.

ఆయన అటు చూశారు. ఇటు చూశారు. టోపీ కాస్త కిందికి లాక్కుని, 'గూగుల్' అని రాశారు.