లాంతరు వీధి హత్యలో కొత్త ముద్దాయి

‘లాంతరు వీధి హత్య’ అనే పాత డిటెక్టివ్ సినిమాను శుభ్రం చేసి, ఇళ్లలో చూసుకునే డిస్కుగా విడుదల చేసినప్పుడు అందులో హంతకుడు మారిపోయాడు. బొమ్మ మాత్రం అద్దంలా ఉందని అందరూ ఒప్పుకున్నారు.

ఇందులో రహస్యమేమీ లేదు. పాత సినిమాలో జమీందారుగారి తమ్ముడు అన్నగారిని పొడిచేసి, ఏమీ ఎరగనట్టు హాల్లోకి వచ్చి కూర్చుంటాడు. డిటెక్టివ్ పరంజ్యోతి లాంతరు ఎత్తి, అతని తెల్లచొక్కా చేతి మీద రక్తపు మరక చూసి, “తమరే!” అంటాడు. సినిమాను శుభ్రం చేసిన యంత్రం గీతలతో, బూజుతో పాటు ఆ మరకను కూడా మురికే అనుకుని తుడిచేసింది. కొత్త డిస్కులో పరంజ్యోతి లాంతరు ఎత్తేసరికి చొక్కా మల్లెపువ్వులా ఉంటుంది. కాసేపు అలాగే నిలబడి ఆలోచిస్తాడు. ఎవరినో ఒకరిని పట్టుకోకపోతే సినిమా అయిపోదు కనక, పక్కకు తిరిగి, కాఫీ పళ్లెంతో తలుపు దగ్గర నిలబడ్డ వంటవాణ్ణి చూసి, “నువ్వే!” అంటాడు.

“నేనా బాబూ?” అంటాడు వంటవాడు. పాత సినిమాలో అతనికి మాటల్లేవు. కంపెనీ దీన్ని ‘ఇంతవరకు ఎవరూ వినని సంభాషణ’ అని అట్ట మీద వేసుకుంది. తమ్ముడి వేషం వేసిన నటుణ్ణి విడుదల సభకు పిలిచి, మచ్చలేని మనిషని శాలువా కప్పింది.

ఇలాంటి డిస్కులకు మార్కులు వేసే సంఘంలో కాకినాడ రామానుజం సభ్యుడు. రిటైరైన లెక్చరర్. ఆయన తీర్పు పత్రికలో వస్తే గాని పాత సినిమాల అభిమానులు డిస్కు కొనరు. కాలేజీ రోజుల్లో ఆ మరక కనబడగానే హాలంతా ఈలలు వేయడం ఆయనకు బాగా గుర్తు. ఆయనా వేశాడు. అందుకని సంఘం అధ్యక్షురాలు వసుంధరకు ఫోన్ చేశాడు.

“మరక పోయిందండీ,” అన్నాడు.

“పోవడానికే కదండీ వాళ్లు అంత శ్రమపడింది.”

“హంతకుడు మారిపోయాడు.”

“మనం మార్కులు వేసేది బొమ్మకి, శబ్దానికి, అట్టకి. కథకి మార్కులు లేవు రామానుజంగారూ. శబ్దంలో ఏమన్నా లోపం ఉందా చెప్పండి.”

లేదని ఒప్పుకోక తప్పలేదు. వంటవాడి ఏడుపు చాలా స్పష్టంగా వినిపిస్తోంది.

మర్నాడు వంటవాడే ఇంటికి వచ్చాడు. పేరు బొండాడ సత్యలింగం. ఎనభై దాటిన మనిషి. సినిమాల్లో ఉన్నన్నాళ్లూ నౌకరు వేషాలే వేశాడు. వెంట ఒక ఎస్సై ఉన్నాడు. డిస్కులో హత్య రుజువైంది కనక అరెస్టు చేయాల్సి వచ్చిందనీ, పెద్దాయన బతిమాలితే దారిలో ఇక్కడ ఆగామనీ ఎస్సై మర్యాదగా చెప్పి సోఫాలో కూర్చున్నాడు. సత్యలింగం నిలబడే ఉన్నాడు.

“నేను కాఫీ పట్టుకొచ్చానండి బాబూ. ఆ సినిమాలో నా పని అంతేనండి. మరక ఉండేదని ఒక్క ముక్క రాయండి. తమరు రాస్తే నమ్ముతారండి.”

“ఉండేది సత్యలింగంగారూ. నా కళ్లతో చూశాను,” అన్నాడు రామానుజం.

“పాత ప్రతి ఎక్కడన్నా ఉందా సార్?” అని అడిగాడు ఎస్సై.

రామానుజం అప్పటికప్పుడు కంపెనీకి ఫోన్ చేశాడు. శుభ్రమైంది వచ్చాక మురికిది ఎందుకని కాల్చేశామని వాళ్లు చెప్పారు.

“మీ కళ్లలో ఉన్న మరకని నేను కోర్టులో ఎట్లా పెట్టేది సార్?” అన్నాడు ఎస్సై, నిజంగానే బాధపడుతూ.

అంతలో రామానుజం భార్య కాఫీ తెచ్చింది. సత్యలింగం అలవాటు కొద్దీ ముందుకు వెళ్లి ఆమె చేతిలోని పళ్లెం అందుకున్నాడు. ఎస్సై ఆయన్నీ, పళ్లేన్నీ మార్చి మార్చి చూశాడు.

ఆ సాయంత్రం రామానుజం పత్రికకు పంపే తీర్పులో ‘అసలు హంతకుడి చొక్కా మీద మరక ఉండేది’ అని రాశాడు. రాశాక భయం వేసింది. ముసలాయనకు చూపు తగ్గిందంటారు. సంఘం నుంచి తీసేస్తారు. డిస్కులు రావడం మానేస్తాయి. ఆ వాక్యం కొట్టేసి, ‘పాత ప్రతిని ఎరిగినవారికి కొంత తేడా కనిపించవచ్చు’ అని దిద్దాడు. అందులోనే ధైర్యమంతా ఉందని తనకు తాను చెప్పుకున్నాడు. వసుంధర దాన్ని ‘పాత ప్రతికీ దీనికీ ఎంత తేడా!’ అని కుదించింది. కంపెనీ ఆ వాక్యాన్ని, కింద ఆయన పేరును, రెండో విడత అట్టల మీద అచ్చేసింది.

సత్యలింగానికి శిక్ష పడ్డాక రామానుజం జైలుకు వెళ్లాడు. తీసుకెళ్లిన పళ్లు చేతికిచ్చాడు. మాటలు సత్యలింగమే మొదలుపెట్టాడు.

“మొన్న ఇక్కడ మన సినిమా వేశారండి. అబ్బ, ఎంత బాగుందండీ బొమ్మ! అప్పట్లో నేను చీకట్లో ఉండేవోణ్ణి, మా ఆవిడకి కూడా కనబడేవోణ్ణి కాదు. ఇప్పుడు నా మొహంలో ముడతలన్నీ కనబడతన్నాయండి.” గొంతు తగ్గించాడు. “తమరి దగ్గర దాపరికం ఎందుకు, చూస్తా ఉంటే నేనే పొడిచానేమో అనిపించిందండి. లేకపోతే అంత శుభ్రంగా ఎలా కనబడుద్ది?”

రామానుజం ఔననలేదు, కాదనలేదు. బస్సులో ఇంటికి వస్తూంటే గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు కాస్త సిగ్గుపడ్డాడు. ఊరు చేరేసరికి సిగ్గూ పోయింది.

ఇంట్లో కంపెనీ పంపిన మరో పాత డిటెక్టివ్ సినిమా ఎదురుచూస్తోంది. కవరు చింపుతుండగానే ఫోన్ మోగింది. ఎవరో ముసలావిడ.

“అయ్యా, నా పేరు చిట్టెమ్మండి. తమరికి కొత్తగా పంపిన సినిమాలో గిన్నెలు తోమే మనిషి వేషం ఏశానండి. తమరు చూశారా?”

“ఇంకా లేదమ్మా. బొమ్మ మాత్రం చాలా శుభ్రంగా వచ్చిందంటున్నారు.”



“అలాగేనండి. అయితే బట్టలు సర్దుకుంటాను,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.