పట్టికలో ఇరవయ్యో పేరు

ఐదు శాఖల లెక్కలను ఒకే పట్టికలో కలిపే పని మొదలైన సోమవారం ఉదయం, బొడ్డవలస ప్రాథమిక పాఠశాలకు గొర్లె యామిని పాదాలు వచ్చాయి. యామిని మూడో తరగతి చదువుతూ కిందటి ఆగస్టులో చనిపోయింది. అయితే బూట్ల కొలతలు జూన్‌లోనే తీసుకున్నారు కనుక, ఆ శాఖ దగ్గర ఆమె పాదాలు భద్రంగా ఉన్నాయి. సైజు రెండు. అవి నల్ల బూట్లు తొడుక్కుని, మెట్లెక్కి, మూడో తరగతి బల్ల కింద తమ చోటికి చేరాయి.

బడికి ఒక్కరే టీచరు, సుభద్ర. ఆమె పాఠం ఆపలేదు.

"టీచర్, యామిని కాళ్ళు నా సంచీ తొక్కేస్తన్నాయి," అన్నాడు పక్కనున్న ఢిల్లేశ్వరరావు.

"కొంచెం జరుగు. మిగతాది కూడా రావాలి కదా."

ఈ కలపడానికి కారణం ఉంది. బొడ్డవలస బడిలో పిల్లలెందరని అడిగితే హాజరుపట్టీ పంతొమ్మిది అనేది. ఆరోగ్య శాఖ ఇరవై అనేది, బూట్ల శాఖ ఇరవై ఒకటి, భోజనం లెక్క ఇరవై మూడు, రేషను శాఖ ఇరవై ఆరు. సంఖ్య ఇరవైకన్నా తగ్గితే బడి మూసి, పిల్లలను గెడ్డ అవతలి పెదవలస బడికి పంపాలని నిబంధన. ఏ లెక్క నమ్మాలో తేలక, ఐదింటినీ ఒకే పట్టికలోకి తెమ్మని, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు అందులో ఏముంటే అదే నిజమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఐదు గడులూ నిండినవారే పిల్లలు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ వరుస చెల్లదు.

గెడ్డ మీద వంతెన లేదు. యామినికి జ్వరం ముదిరిన రోజు గెడ్డ పొంగింది. అంబులెన్సు అవతలి గట్టున మూడు గంటలు ఆగి, ఖాళీగా తిరిగి వెళ్ళింది.

మంగళవారం ఆరోగ్య శాఖ నుంచి ఎత్తూ బరువూ వచ్చాయి. నూట పంతొమ్మిది సెంటీమీటర్లు, ఇరవై కిలోల నాలుగు వందల గ్రాములు. చూడటానికి ఏమీ కనిపించలేదు గానీ, బల్ల అంత మేరకే కిర్రుమంది. బడిలో భోజనం వండే రవణమ్మ యామిని తల్లి. ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి, ఆ చోటుని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇదే బరువు టీచరమ్మా. గెడ్డ కాడికి ఇదే మోసినాను," అంది. మళ్ళీ జాగ్రత్తగా దించి, పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పప్పు అడుగంటుతోంది.

బుధవారం భోజనం లెక్క నుంచి ఇరవై మూడు నోళ్ళు వచ్చాయి. వాటిలో మూడింటికి పాదాలూ బరువూ లేవు. అవి గుడ్లు తినేసి వెళ్ళిపోయాయి. మండల కార్యాలయంలో వాటిని గుర్తుపట్టినవారు ఉన్నారు గానీ, పట్టికలో అభ్యంతరాలకు చోటు లేనందున ఎవరూ ఏమీ అనలేదు. యామిని నోరు గుడ్డు మొత్తం తింది.

"మా గుంట పచ్చసొన తినదు బాబూ," అంది రవణమ్మ, పరిశీలనకు వచ్చిన మండల కంప్యూటర్ ఆపరేటర్ తిరుపతిరావుతో.

"తినదని ఎక్కడైనా రాయించావా?"

"నా పిల్ల అది. రాయించేదేటి?"

"మరి అదే వచ్చింది తంటా," అన్నాడతను. అతని చేతిలో ఉన్న కాగితం మీద 'గుడ్డు: అవును' అని ఉంది.

గురువారం రేషను శాఖ నుంచి కుడి బొటనవేలు వచ్చింది. ముద్ర సరిపోయింది.

శుక్రవారం వంతు బడిది. మండలంలో సమయానికి పని పూర్తి చేసిన శాఖ అదొక్కటే. ఆగస్టు పధ్నాలుగున సుభద్ర యామిని పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. అందువల్ల ఐదో గడి ఖాళీగా వచ్చింది.

"నాలుగు శాఖలు ఉందంటున్నాయి మేడమ్. మీరొక్కరే లేదంటున్నారు," అన్నాడు తిరుపతిరావు.

"నేను చూశాను తిరుపతిరావు గారూ. మట్టి కూడా వేశాను."

"చూసినదానికి గడి లేదండి. ఉందా, లేదా, అంతే. ఐదింటికి పట్టిక మూసేస్తారు. మీ పంతొమ్మిదికి బడి ఉండదు. సోమవారం నుంచి అందరూ పెదవలస."

అప్పుడు నాలుగూ పది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో సుభద్ర రాని పిల్లకు హాజరు వేయలేదు. ఆమె రిజిస్టరు పట్టుకుని వంటపాకలోకి వెళ్ళింది. రవణమ్మ గిన్నెలు తోముతోంది.

"ఏం చెయ్యమంటావు రవణమ్మా?"

"ఇరవై అవకపోతే ఈలంతా గెడ్డ దాటాలేటి?"

"రోజూ. వానల్లో కూడా."

రవణమ్మ చేతులు కడుక్కుంది. "రాసియ్యి టీచరమ్మా. మా గుంటని దాటించలేకపోనాం. ఈల్ని దాటనీకుండా అదే ఆపనీ."

సుభద్ర ఎర్ర గీత పక్కన, నీలం సిరాతో, ఎప్పటి గుండ్రటి అక్షరాల్లోనే 'హాజరు' అని రాసింది.

నాలుగూ నలభైకి యామిని పూర్తయింది. రిజిస్టరులో అతికించిన ఫొటో ఒకటో తరగతిలో చేరినప్పటిది కావడంతో, ఎనిమిదేళ్ళ ఎత్తు మీద ఐదేళ్ళ ముఖం వచ్చింది. బొట్టు ఆనాటిలాగే కాస్త వంకరగా ఉంది. గొంతు రాలేదు. ఏ శాఖా దాన్ని అడిగి ఉండలేదు. రవణమ్మ కొంగుతో ఆ ముఖం తుడిచింది. పిల్లలు "ఇరవై! ఇరవై!" అని అరుస్తూ వరండా అంతా పరిగెత్తారు. సర్పంచి పెళ్ళికని దాచుకున్న టపాకాయల దండ తెచ్చి కాల్చాడు. తేడాలు లేని తొలి మండలంగా వీళ్ళ పేరే ప్రకటించారని ఫోనొచ్చింది. తిరుపతిరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్ళనా బాబూ?" అని అడిగింది రవణమ్మ.

"ఇల్లు ఈ పట్టికలో లేదమ్మా. బడి వేళలే ఉన్నాయి."

"బడి వేళలంటే తొమ్మిది నుంచి నాలుగు. ఈవేళయితే ఐదు దాకా ఉంది. బాగానే ఉంది," అంది రవణమ్మ.

సోమవారం తిరుపతిరావు బడి కొనసాగింపు ఉత్తర్వు తెచ్చాడు. పిల్లలెవరూ గెడ్డ దాటనవసరం లేనందున, వంతెన కోసం గ్రామస్థులు పెట్టుకున్న అర్జీని పరిష్కరించినట్టుగా నమోదు చేశామని అందులో రెండో పేరాలో ఉంది. సుభద్ర దాన్ని రెండుసార్లు చదివింది.

"మరి ఈ వానాకాలం ఎవరికైనా జ్వరమొస్తే?"

"సంఖ్య గురించి మీకిక భయం లేదు మేడమ్," అన్నాడు తిరుపతిరావు మనస్ఫూర్తిగా. "పట్టికలో ఒకసారి పూర్తయినవాళ్ళు తగ్గరు."

ఆ మధ్యాహ్నమే సుభద్ర పార్వతీపురం నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించింది. మిగతా పంతొమ్మిది మంది ఫొటోలూ పాతబడ్డాయని ఊళ్ళో కబురు చేసింది. తల్లులు పిల్లల తలలకు నూనె రాసి, పాపిడి సరిగ్గా తీసి, బొట్టు మధ్యలోకి వచ్చిందో లేదో చూసి, వరుసలో నిలబెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు.