మాటల పెట్టె ప్రారంభోత్సవం

ఎనభై నాలుగులో ఆదోనిలోని ఒక సర్కారు కచేరీ ప్రజల మాటను అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. దాని పేరు చెప్పను. ముప్పై ఏళ్లు అక్కడి కుండల్లో నీళ్లు నింపినదాన్ని, ఆ మాత్రం విశ్వాసం ఉండాలి కదా.

అంతకుముందు పాత కాగితం కావాలంటే సర్వే నంబరు చెప్పాలి. ఇకపై నోటికొచ్చినట్టు చెప్పినా చాలని మా ఆఫీసరు వెంకోబారావు సారు కొత్త పద్ధతి కనిపెట్టారు. టేకు పెట్టె, నిండా సొరుగులు, మాటకొక అట్ట. ఆ మాట ఏయే దస్త్రాల్లో ఉందో అట్ట మీద రాసి ఉంటుంది. ఇంత తెలివైన ఏర్పాటు బెంగుళూరులో కూడా లేదని సారే చెప్పారు, ఇంకెవరు చెప్పాలి?

ప్రారంభోత్సవం నాడు మొదట అడిగే భాగ్యం హొళగుంద భీమక్కకు దక్కింది. కూలికిపోయే మనిషి, ఉన్నది మూడెకరాలు. సోమవారం లోపల కాగితం చూపకపోతే అందులో నాగలి దింపుతానని పక్కచేను సుబ్బన్న కాచుకొని ఉన్నాడు.

"వాన రాని ఏడు మా మామ గొర్రెలమ్మి కొన్న సేనప్పా. దావ పక్కన నల్లబండ ఉంటాది."

పెట్టె అద్భుతంగా పనిచేసింది. వానకు ఇరవై ఏళ్ల వర్షపాతం లెక్కలు వచ్చాయి. గొర్రెకు దొంగతనం ఫిర్యాదులు పదకొండు. బండకు అతిథి బంగళా స్నానాలగది మరమ్మతు. మామకు, ఒక గుమాస్తా మామగారి దినానికి పెట్టిన సెలవు చీటీ. అరవై రెండు దస్త్రాలు భీమక్క నడుము దాకా పేర్చారు.

"ఇన్నిట్లో నాది యాడుందప్పా?"

"అది నువ్వు చూసుకోవాలమ్మా. మా పని అయిపోయింది," అన్నారు సారు.

అటెండరు మద్దిలేటికి ఓపిక తక్కువ. "నువ్వు గొర్రెల రంగన్న కోడలివి గదక్కా? కరువు ఏటి అమ్మకాలన్నీ నేనే ఒక కట్ట కట్టినాను," అంటూ లోపలికి పోయి, నేను ఆకు మడిచి నోట్లో పెట్టుకునేలోగా కాగితం తెచ్చేశాడు.

పెట్టెకు దొరకనిది మనిషికి దొరకడం పద్ధతికి విరుద్ధం. కాగితాన్ని వెనక్కి పెట్టి, పద్ధతి ప్రకారం దొరికేదాకా కట్ట విప్పరాదని ఉత్తర్వయింది. మద్దిలేటికి దేవనకొండ బదిలీ.

తర్వాత సారు మైకు పట్టుకున్నారు. "ఇక ప్రజలు నోరు తెరిస్తే చాలు, ప్రభుత్వం వింటుంది!"

"అప్పా, నా సేను..." భీమక్క లేచింది.

అంతే, సభంతా ఆమె మీద పడింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

"ఊరుకోవే! ప్రజల మాట ఎట్ల వినాలో సారు సెప్తాంటే, నడుమ నీ మాటేంది?"